మెట్టకాలనీ ఎర్రబస్సు నిరోధ విజయం

స్వస్తి. తునికి, ఇప్ప, మద్ది, అడ్డతీగ మున్నగు నానావిధ తరులతాసంకీర్ణమై, ఒక చెంప గోదావరీ తరంగఘోషతోనూ మరొక చెంప వెదురు లారీల హారన్ల ఘోషతోనూ నిరంతరం ప్రతిధ్వనిస్తూ, వానాకాలంలో బురదకూ ఎండాకాలంలో దుమ్ముకూ ముల్లోకాలలో సాటిలేనిదని పేరు గడించిన దుమ్ముగూడెం భద్రాచల మధ్యస్థ మహాపథంలో, పెద్ద వరద వచ్చి ఒడ్డు మీది ఊళ్ళను ఊడ్చుకుపోయిన కొన్నేళ్ళకు, తునికాకు కోతలు ముగిసి తొలకరి ఇంకా మొహం చూపించని రోజుల్లో, సూర్యభగవానుడు లేచి ఇంకా కళ్ళు నులుముకుంటుండగానే ఒక మహాసంగ్రామం జరిగింది.

ఆ సంగ్రామంలో మనిషి రక్తం చుక్క చిందలేదు. పేడనీళ్ళు మాత్రం ధారాళంగా చిందాయి. రాజ్యాలు కూలలేదు, ఒక కోడిపుంజు మాత్రం నేలకొరిగింది. చరిత్ర రాసే పెద్దలు దీన్ని ఎక్కడా రాసుకోలేదు. రాసుకోకపోతే పోయె, వాళ్ళకు జీపులుంటాయి, రోడ్డు మీద నిలబడి బస్సుకు చెయ్యెత్తే ఖర్మ వాళ్ళకేం పట్టింది? నేను చెబుతాను. సర్దుకుని కూర్చోండి. మధ్యలో లేచిపోయే పనైతే ఇప్పుడే లేచిపోండి.

ఈ గాథకు నాయిక జంపక్క. ఇప్పపుష్పవిక్రయధురంధర, చింతపండుగంపధారిణి, కొండచీపురుశరసంధానకుశల, మోకాళ్ళ నొప్పితో ప్రతి ఉదయం ద్వంద్వయుద్ధం చేసి ప్రతి ఉదయం గెలిచి లేచే ధీర. నెత్తి మీది చుట్టకుదురే ఆమెకు కిరీటం, దాని మీది గంపే ఛత్రం. భర్త పోయి చాలా కాలమైంది. గోదావరి ఒడ్డున రేవుగూడెం అనే కోయగూడెంలో ఆమెకో తాటాకు ఇల్లుండేది. పెద్ద వరద ఆ ఇంటినీ, ఇంటి ముందరి కోళ్ళగూటినీ, ఆ మాటకొస్తే గూడేన్నంతటినీ ఒక్క పూటలో సముద్రం దారి పట్టించింది.

ఆ మీద ఆమె భద్రాచలం పోయి, సుశీలమ్మ అనే ఇంటావిడ పెరట్లో, పశువుల కొట్టానికి ఆనుకున్న గదిలో కిరాయికి తల దాచుకుంది. సుశీలమ్మ చెడ్డ మనిషని నేననను. ఆమెకు కొన్ని శాసనాలుండేవి, అంతే. పెరట్లో ఇప్పపువ్వు ఎండబొయ్యరాదు, వాసన. రోట్లో దంచరాదు, చప్పుడు. గూడెం చుట్టాలు వచ్చి కూర్చోరాదు, అది ఎందుకో ఆమె చెప్పలేదు. పొద్దుగూకితే దీపం ఆర్పాలి. కిరాయికి ఉండేవాళ్ళకూ హక్కులుంటాయని దూరాన ఎక్కడో ఎవరో చట్టం రాశారట. రాస్తే రాశారు గాని, అది సుశీలమ్మ పెరటి గోడ దూకి లోపలికి ఎన్నడూ రాలేదు.

ఇంతలో దీనజనబాంధవము, నిరాశ్రయకల్పవృక్షము అయిన సర్కారువారికి దయ కలిగి, వరదలో కొట్టుకుపోయిన గూడెం వాళ్ళకోసం రోడ్డు పక్క ఎత్తు మీద పెంకుటిళ్ళ కాలనీ కట్టించారు. మెట్ట మీద ఉంది కనుక జనం దాన్ని మెట్టకాలనీ అన్నారు. జంపక్కకు వచ్చిన ఇంట్లో ఒక గది, ఒక వంటమూల, ఒక అరుగు, ఒక తలుపు, ఆ తలుపుకు లోపలి నుంచి గొళ్ళెం. కిరాయి గదికి గొళ్ళెం బయటి వైపే ఉండేది. అందుకని మొదటి రోజు ఆమె ఆ గొళ్ళెం వేసి, తీసి, మళ్ళీ వేసి, మళ్ళీ తీసి, ఒక్కతే నవ్వుకుంది. తరువాత అరుగంతా నిండేలా ఇప్పపువ్వు ఎండబోసింది. ఆ వాసన ఘుమ్మని లేస్తుంటే ఆమెకు ఎంత సంతోషమైందంటే, ఆ పూట వండుకోవడం కూడా మరిచిపోయింది.

మరి లోటేమిటంటారా? అదే చెబుతున్నా. ఇళ్ళు కట్టించిన సర్కారుకు బస్సు సంగతి తెలియదు, బస్సు నడిపించే సర్కారుకు ఇళ్ళ సంగతి తెలియదు. పొద్దున దుమ్ముగూడెంలో బయలుదేరే మొదటి బస్సు కాలనీ ముందరి నుంచే పోతుంది గాని అక్కడ ఆగదు. అది ఆగే చోటు వెనక ఎక్కడో తునికిమాను స్టేజి. అక్కడికి గంప నెత్తిన పెట్టుకుని నడిచేసరికి జంపక్క మోకాళ్ళు వాచేవి, బస్సు పోయేది. రెండో బస్సుకు భద్రాచలం చేరేసరికి సంతలో కొనేవాళ్ళు కొనుక్కుని ఇళ్ళకు పోయుండేవాళ్ళు.

దీనికి తోడు ఇళ్ళ సారు ఒకాయన వచ్చి, వానలు పడే నాటికి ఎవరు కాపురం ఉండరో వాళ్ళ ఇల్లు ఇంకొకరికి ఇచ్చేస్తామని చెప్పి జీపెక్కి పోయాడు. చూశారా ముడి? కాలనీలో ఉంటే ఇల్లుంది, తిండి లేదు. సుశీలమ్మ పెరట్లో ఉంటే తిండి ఉంది, ఇల్లు పోతుంది. మొదటి బస్సు కాలనీ ముందు ఆగితే రెండూ ఉంటాయి. గంప ఎక్కించేంత సేపు ఆగితే చాలు.

ఇక ప్రతినాయకుణ్ణి వర్ణిస్తాను, కాస్త దారి ఇవ్వండి. ఖాకీకవచధారి, గేరుదండప్రచండుడు, సమయపాలనైకవ్రతదీక్షితుడు, డ్రైవర్ వెంకటప్పయ్య. తాతల నాడు కృష్ణా ఒడ్డు నుంచి వచ్చి ఏన్కూరులో పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. పొలం అన్నదమ్ములకు వదిలేసి తాను బస్సెక్కాడు. ఆయన బస్సు భద్రాచలం స్టాండులోకి వచ్చే వేళకు అక్కడి హోటలువాడు గడియారం సరిచేసుకునేవాడని చెప్పుకుంటారు. ఆ కీర్తికి మచ్చ తెచ్చే ఏ పనీ, అంటే ఆపడమనే పని, ఆయనకు గిట్టదు. ఆయన వెనక ఘంటికారజ్జుధారి, చిల్లరసంచీభూషణుడు, ఇల్లందు పక్క తండా నుంచి వచ్చిన కండక్టర్ లాలు. లాలు మనసు మెత్తన. కానీ బెల్లు తాడు ఎంత లాగినా బ్రేకు వెంకటప్పయ్య కాలి కిందే కదా ఉండేది.

మొదటి యుద్ధం ఇలా జరిగింది. ధూళిపటలావృతదిగంతమై, భూనభోంతరాళాలు దద్దరిల్లేలా గర్జిస్తూ, వెనక నల్లటి పొగను ధ్వజంలా ఎగరేసుకుంటూ ఎర్రబస్సు దూసుకొస్తోంది. జంపక్క దక్షిణహస్తం పైకెత్తి, నడిరోడ్డుకు ఒక్క అడుగు ఇవతల, కొండలా నిలబడింది. బస్సు ఆమె కొంగునూ, గంపలోని పువ్వునూ, పక్క పొదలోని ఆకులనూ ఒక్క ఊపు ఊపి వెళ్ళిపోయింది. కావ్యధోరణిలో చెప్పాలంటే, "ఓరీ దురహంకారీ, నా కరసంకేతాన్ని తిరస్కరించి ఎంత దూరం పోగలవు, నీ చక్రాలు భూమిలో దిగబడుగాక" అని ఆమె శపించింది. నోటితో అన్నది మాత్రం ఇది.

"కండ్లు కనవడ్తలేవా ఏంది వీనికి?"

రెండో యుద్ధం మాటలతో. ఒకనాడు చీకటితోనే లేచి తునికిమాను స్టేజికి నడిచి, బస్సు ఆగినప్పుడు డ్రైవరు తలుపు దగ్గరికే వెళ్ళింది జంపక్క.

"సారూ, మా కాలనీ కాడ ఆపితే ఏమైతది?"

"అక్కడ స్టేజి లేదమ్మా," అన్నాడు వెంకటప్పయ్య, చూపు రోడ్డు మీద నుంచి తిప్పకుండా.

"ఇండ్లున్నయి గద."

"ఇళ్ళున్న చోటల్లా ఆపుకుంటా పోతే భద్రాచలం రేపు చేరతాం. స్టేజి కావాలంటే ఆర్డరు రావాలి. ఇళ్ళు కట్టించినోళ్ళని అడుగు."

"అడిగిన. బస్సోళ్ళని అడుగుమన్నరు."

వెనక సీట్లలో ఎవరో నవ్వారు. వెంకటప్పయ్య నవ్వలేదు. గేరు మార్చాడు. జంపక్క పరుగున వచ్చి వెనక మెట్టెక్కితే లాలు గంప అందుకుని, మెల్లగా ఒక కబురు చెప్పాడు.

"అక్కా, సుశీలమ్మ స్టాండు కాడ కనవడ్డది. గది ఇంక ఖాళీగనే ఉన్నదట. వస్తవా రావా జల్ది చెప్పుమన్నది, లేకుంటే ఇంకొకలకు ఇస్తదట."

జంపక్క గంపను కాళ్ళ దగ్గరికి లాక్కుంది. ఆ గది పేరు వింటేనే ఆమెకు బయటి వైపు గొళ్ళెం గుర్తొచ్చింది. భద్రాచలం దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇట్లా రెండు యుద్ధాల్లో ఓడిన మన నాయికకు దైవమే సాయం పంపినట్టు భూమి పండుగ వచ్చింది. పండుగ పద్ధతి తెలియని వాళ్ళు మీలో ఉంటే వినండి, తెలిసినవాళ్ళు కాసేపు వక్కలు నములుకోండి. విత్తనం నేలలో పడే ముందు ఆ గూడెం వాళ్ళు భూమికి పండుగ చేస్తారు. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకు పోతారు. ఆడవాళ్ళు రోడ్డు మీద అడ్డంగా తాడు కట్టి, వచ్చే పోయే బండిని ఆపి, రేల పాట పాడి, పండుగ మామూలు తీసుకుంటారు. వేట దొరికిన రోజున పండుగ ముగుస్తుంది, తాడు విప్పుతారు, మర్నాడు విత్తనం చల్లుతారు. వేట తెచ్చినవాడికి కాళ్ళు కడుగుతారు. ఉత్తచేతులతో వచ్చినవాళ్ళకు ఆడవాళ్ళు పేడనీళ్ళతో స్నానం చేయిస్తారు. ఇవన్నీ పెద్దల నాటి నుంచి ఉన్న న్యాయాలు, వాదించి లాభం లేదు.

మొదటి రోజు పొద్దున మెట్టకాలనీ ఆడవాళ్ళు అడ్డతీగ నారతో పేనిన తాడుకు మామిడాకులు గుచ్చి, రోడ్డుకు అటో మద్దిచెట్టుకూ ఇటో ఇప్పచెట్టుకూ కట్టారు. వచ్చింది బస్సు. లారీకి ఆగని, జీపుకు ఆగని, జంపక్కకు ఆగని వెంకటప్పయ్య ఆ తాటికి ఆగాడు. ఎందుకంటే ఎవరి ఊరి పండుగనైనా తొక్కుకుంటూ పోతే బండికి అచ్చిరాదని చిన్నప్పుడు ఏన్కూరులో వాళ్ళమ్మ చెప్పిన మాట ఆయన మనసులో నాటుకుని ఉంది. ఆడవాళ్ళు బస్సు చుట్టూ చేతులు చేతులు పట్టుకుని ఆడుతున్నారు. ఆయన జేబు తడుముకుంటున్నాడు. ఈ సందట్లో జంపక్క గంప తీసుకొచ్చి, హాయిగా మెట్టెక్కి, సంతకు పోయి, తెచ్చిన పువ్వంతా అమ్ముకుని వచ్చింది.

వచ్చాక అరుగు మీద కూర్చుని ఆలోచించింది. ఆలోచించి మరిది దూలయ్యను పిలిపించింది. వేటకాళ్ళకు నాయకుడు దూలయ్యే. అంబుపొదిధరుడు, వ్యాఘ్రపదచిహ్నవేది, ఆకు కదలని నడక కలవాడు. వాళ్ళ మంత్రాలోచన కోయభాషలో జరిగింది. మీకోసం తెలుగులో చెబుతున్నా.

"మరిదీ, వేట దొరికితే పండుగ అయిపోతది గద?"

"అవ్."

"దొరకకపోతే?"

"దొరికేదాక పండుగే. మాకు పేడనీళ్ళు."

"పండుగ ఉన్నన్ని దినాలు తాడు ఉంటది. తాడు ఉన్నన్ని దినాలు బస్సు ఆగుతది."

దూలయ్యకు విషయం మెల్లగా బోధపడింది. ఆ మహావీరుడి ముఖం వాడిపోయింది. అడవిలో చీమ పాకినా చెప్పగల తాను, ఉత్తచేతులతో రోజూ ఊళ్ళోకి రావాలా? ఆడవాళ్ళ చేత తలంటించుకోవాలా?

"నా పేరు ఏం గావాలె వదినా?"

"నీ పేరు పోతే మళ్ల తెచ్చుకుంటవు. నా ఇల్లు పోతే యాడ తెచ్చుకోను?"

దూలయ్య విల్లు భుజాన వేసుకుని లేచాడు. మర్నాటి నుంచి మెట్టకాలనీ వేటకాళ్ళు తూణీరబద్ధులై, భీకరముఖులై అడవికి పోయి, చల్లటి చెట్టు కింద పడుకుని, పొద్దు వాలాక లేచి ఇంటికి రాసాగారు. ఒకనాడు ఒక కుందేలు దూలయ్య కాలి పక్కనే వచ్చి కూర్చుని మీసాలు దువ్వుకుందట. ఆయన ఆకాశంలోకి చూస్తూ తల గోక్కున్నాడట. సాయంత్రం ఊరి పొలిమేరలో ఆడవాళ్ళు కుండలతో సిద్ధం. పేడనీళ్ళు మీద పడుతుంటే వేటకాళ్ళలో కొందరికి అసలు సంగతి తెలుసు, కొందరికి తెలియదు, తడవడం మాత్రం అందరూ తడిశారు. ఎక్కువ నీళ్ళు పోసింది జంపక్కే. అనుమానం రాకూడదు కదా.

అట్లా రోజులు గడిచాయి. తాడు కట్టే ఉంది. బస్సు ఆగుతూనే ఉంది. జంపక్క ఇప్పపువ్వు, పక్కింటి పుల్లమ్మ చీపుర్లు, ఎవరి విస్తరాకులు వాళ్ళవి సంతకు చేరుతూనే ఉన్నాయి. భద్రాచలంలో హోటలువాడి గడియారం వెనకబడింది. వెంకటప్పయ్యకు అన్నం సహించడం మానింది.

"ఏంటమ్మా, ఈ పండగ ఎప్పుడవుద్ది?" అని అడిగాడు ఒకరోజు కిటికీలోంచి తల బయట పెట్టి.

"వేట దొరికిన్నాడు," అంది జంపక్క మెట్టెక్కుతూ.

"ఎప్పుడు దొరుకుద్ది?"

"అది అడివిని అడుగాలె సారూ. నాకెట్ల తెలుస్తది?"

లాలు ముఖం పక్కకు తిప్పుకుని టిక్కెట్లు చించాడు. అతనికి తెలిసిపోయిందని నా అనుమానం. తెలిసినా చెప్పే మనిషి కాదు.

కానీ విధి అనేది ఒకటుంది. పడమటి దిక్కున మబ్బు లేచింది. గోదావరి మీంచి చల్లగాలి వచ్చి కాలనీ పెంకులను తట్టింది. ఆ సాయంత్రం దూలయ్య పేడనీళ్ళు తుడుచుకుంటూ వదిన అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"వదినా, రేపో ఎల్లుండో వాన కొడ్తది. విత్తనం ఆగదు. పండుగ కాకుండ విత్తనం చల్లలేము. రేపు ఒక్క దినం తాడు ఉండనియ్యి. ఎల్లుండికి ఏదో ఒకటి కొట్టుకొస్త."

జంపక్క తల ఊపింది. ఏమని కాదంటుంది? తన ఇంటికోసం ఊరి పొలాలు ఎండబెట్టే మనిషి కాదు ఆమె. దూలయ్య వెళ్ళాక లోపలికి పోయి గొళ్ళెం వేసుకుంది. తీసింది. మళ్ళీ వేసింది. ఈసారి నవ్వు రాలేదు. రెండు చీరలు, ఒక రోకలి, సట్టి, మూకుడు ఒక మూటగా కట్టి మూలన పెట్టుకుంది. సుశీలమ్మ పెరటికి పోవలసినవాళ్ళు పోక తప్పదు కదా. ఆ మూట కడుతున్నప్పుడు ఆమె ఏడ్చింది. వీరగాథలో నాయిక ఏడవకూడదంటారా, మీరొచ్చి ఆ మూట కట్టి చూడండి.

తెల్లారింది. ఆఖరి రోజు. తాడు కట్టారు. ఆడవాళ్ళు నిలబడ్డారు. బస్సు వచ్చింది, ఆగింది. అప్పుడు జరిగింది చూడండి వింత. ఇన్నాళ్ళూ సీటు దిగని వెంకటప్పయ్య ధడాలున తలుపు తోసి కిందికి దూకాడు. ఆయన కుడిచేతిలో, కాళ్ళు కట్టేసి తలకిందులుగా వేలాడుతూ, పద్మరాగకాంతులీనే తురాయి, నెమలికి సిగ్గు తెప్పించే తోక గల ఒక మహాకుక్కుటం ఉంది. రాత్రి బస దుమ్ముగూడెంలో కదా, అక్కడ కొన్నాడు.

ఆయన దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. "ఆరణ్యకులారా, మీ వీరులు సాధించలేని మృగయావిజయాన్ని నేను సాధించి తెచ్చాను, ఇక మీ ఉత్సవాన్ని సమాప్తి చేసి నా రథానికి దారి వదలండి" అని దాని భావం. మాటలు ఇవి.

"ఇదుగో మీ వేట. నేనే తెచ్చా. తాడు విప్పండి ఇంక."

అయ్యో వెంకటప్పయ్యా. ఒక్క రోజు ఓపిక పట్టి ఉంటే గెలిచేవాడివి కదయ్యా. ఆ సంగతి ఆయనకు చెప్పేవాళ్ళెవరు? జంపక్కకు తెలుసు గాని ఆమె చెప్పదు. రేపు పోతుందనుకున్న ఇల్లు ఇవాళే పోయేట్టుంది. ఎట్లాగైనా ఈ పూట గడవాలి.

"కాళ్ళు కట్టేసిన కోడిని వేటంటరా?" అంది ముందుకొచ్చి. "వేటంటే తరిమి పట్టాలె."

ఆడవాళ్ళందరూ అవ్ అవ్ అన్నారు. వెంకటప్పయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"తరిమి పట్టాలా? పట్టి చూపిస్తా. చూడు," అని అక్కడికక్కడే కోడి కాళ్ళ తాడు విప్పి కింద వదిలాడు.

ఆహా, ఆ కోడి గురించి ఏమని చెప్పను. కింద పడీ పడకముందే రెక్కలు విదిల్చి, ఒక్క కూత కూసి, రోడ్డు దాటి పరికిపొదల్లోకి దూరింది. వెనకే వెంకటప్పయ్య. కంటకవనప్రవేశపరాక్రముడై ఆయన ఒక పొదలోంచి లోపలికి పోయి ఇంకో పొదలోంచి బయటికి వచ్చాడు. టోపీ ఒక కొమ్మకు, చొక్కా జేబు ఇంకో కొమ్మకు సమర్పించుకున్నాడు. కోడి చెదపుట్ట ఎక్కింది, ఆయన చెదపుట్ట ఎక్కాడు. కోడి దిగింది, ఆయన జారాడు. బస్సులో జనమంతా దిగి రోడ్డు పొడుగునా నిలబడ్డారు. అటు పోయింది సారూ, ఇటు వచ్చింది సారూ అని దారి చెప్పేవాళ్ళు కొందరు, చెప్పింది తప్పని వాళ్ళతో తగువు పడేవాళ్ళు కొందరు. సంతకు పోవలసినవాళ్ళు సంత మరిచారు. తాటిచెట్ల కింద నిన్నటి పేడనీళ్ళకు తడిసిన బట్టలు ఆరబెట్టుకుంటున్న వేటకాళ్ళు కూడా వచ్చి, ఇన్నాళ్ళకు ఒక వేట చూస్తున్నామన్న ఆనందంతో చప్పట్లు కొట్టారు. గంప ఎక్కించేంత సేపు ఆపనన్న మనిషి, సర్కారువారి బస్సును నడిరోడ్డున వదిలేసి, ఆ పూట ఎంత సేపు పరుగెత్తాడో లెక్కపెట్టిన వాళ్ళు లేరు.

చివరికి మద్దిచెట్టు మొదట్లో కోడి ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆయన ఊపిరి తీసుకోలేదు. ఎగిరి మీద పడ్డాడు. దుమ్ము లేచింది. దుమ్ములోంచి రెండు చేతులు, ఆ చేతుల్లో కోడి, ఆ వెనక మన్ను కొట్టుకున్న ముఖం, ఆ ముఖం మీద పళ్ళన్నీ కనపడే నవ్వు పైకి వచ్చాయి. వెంకటప్పయ్య నవ్వగా లాలు చూడడం అదే మొదలు.

"దొరికింది," అన్నాడు రొప్పుతూ. "ఇప్పుడేమంటావ్?"

జంపక్క ఏమంటుంది? వేట వేటే. తరిమాడు, పట్టాడు. అందరి కళ్ళ ముందు జరిగింది. పుల్లమ్మ రేల పాట అందుకుంది. దూలయ్య లోపలికి పోయి, పసుపు కలిపిన నీళ్ళు చెంబుతో తెచ్చి వదిన చేతికిచ్చాడు. వేట తెచ్చినవాడి కాళ్ళు ఆ గూడెంలో పెద్ద ఆడమనిషి కడగాలి, ఆమెకంటే పెద్దావిడ అక్కడ లేదు. వెంకటప్పయ్య బూట్లు విప్పి, ఏం చేయాలో తెలియక, ఇప్పచెట్టు కింద బండ మీద కూర్చున్నాడు.

తన ఇల్లు పోగొట్టినవాడి కాళ్ళ మీద నీళ్ళు పోస్తూ వంగింది జంపక్క. వంగినప్పుడు చూసింది. బూట్లు ఒరుసుకుని పాదాలు ఎర్రగా కమిలి ఉన్నాయి. ఆమెకు కోపం రావలసింది, జాలి వచ్చింది. జాలితో పాటే, చెంబులో సగం నీళ్ళుండగానే, ఇన్నాళ్ళూ తట్టని ఒక మాట తట్టింది. ఆమె నడుము నిటారు చేసి, అందరికీ వినపడేలా మాట్లాడింది.

"ఇనుండ్రి. పండుగ వేట ఎవ్వడు తెస్తే వాడు మా గూడెపోడు. మొదటి వాటా వానిది. మా తాతల కాడికెళ్ళి ఇదే పద్ధతి. అవునా కాదా మరిదీ?"

"అవ్ వదినా. గదే పద్ధతి," అన్నాడు దూలయ్య.

"ఇయ్యాల్టి సంది నువ్వు మా తమ్మునివి," అంది వెంకటప్పయ్యతో. "నువ్వు మా ఊరోనివి. ఊరోడు తన ఊరు రాంగనే ఆగుతడా, కానోని లెక్క చక్కగ పోతడా? నువ్వే చెప్పు."

బస్సు జనమంతా వెంకటప్పయ్య వైపు చూశారు. లాలు బెల్లు తాడు వైపు చూశాడు. ఆయన చొక్కా మీది మన్ను దులుపుకున్నాడు. తడి పాదాలకు బూట్లు తొడుక్కున్నాడు. జంపక్క తన చేత్తోనే తాడు విప్పింది. బస్సు వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. మర్నాడు తెల్లారుతూనే గూడెమంతా విత్తనం గంపలతో పొలాలకు పోయింది. జంపక్క ఒక్కతే రోడ్డు మీదికి వచ్చింది. చేతిలో అడ్డాకు పొట్లం, అందులో వండిన కోడికూర, మొదటి వాటా. పక్కన ఇప్పపువ్వు మూట. ఇంట్లో మూలన సుశీలమ్మ పెరటికి కట్టిన మూట ఇంకా అట్లాగే ఉంది. రెండింటిలో ఏ మూటతో భద్రాచలం పోవాలో ఈ బస్సు చెబుతుంది.

వచ్చింది బస్సు. తాడు లేదు, మామిడాకులు లేవు. బస్సు నెమ్మదించింది. ఆగింది.

"నా వాటా ఏది?" అని కిటికీలోంచి చెయ్యి చాపాడు వెంకటప్పయ్య, అందుకోసమే ఆపినట్టు ముఖం పెట్టి. ఆమె పొట్లం ఇచ్చి, పువ్వు మూట ఎక్కించుకుని పోయింది. కానీ మనసు కుదుటపడలేదు. వాటా ఒక్కసారే కదా ఉండేది.

అందుకని ఆ తరువాతి పొద్దు అసలు పొద్దు. ఆమె చేతిలో పొట్లం లేదు. చెయ్యి కూడా ఎత్తలేదు. ఊరికే నిలబడింది. అల్లంత దూరాన బస్సు కనబడింది. లోపల ఏం మాటలు నడిచాయో లాలు తరువాత చెప్పగా అందరికీ తెలిసింది.

"సారూ, ఇయ్యాల వాటా గిట్ల ఏం లేదు గద," అన్నాడట లాలు.

"నా ఊళ్ళో నేను ఆగడానికి వాటా ఎందుకురా," అన్నాడట వెంకటప్పయ్య. "బెల్లు కొట్టు. లేకపోతే ఈసారి పేడనీళ్ళు నాకు పోస్తారు."

లాలు బెల్లు కొట్టాడు. కొట్టి, తల బయట పెట్టి, కాలనీ చివరి ఇంటికి కూడా వినపడేలా కేక వేశాడు.

"మెట్టకాలనీ స్టేజి. దిగేటోళ్ళు దిగుండ్రి, ఎక్కేటోళ్ళు ఎక్కుండ్రి."

దిగేవాళ్ళు ఎవరూ లేరు. ఎక్కింది జంపక్క. లాలు మూట అందుకుంటూ అడిగాడు.

"అక్కా, సుశీలమ్మకు ఏం చెప్పాలె? మళ్ల అడిగింది."

"నాకు ఇల్లున్నదని చెప్పు," అంది జంపక్క. "ఇంటి ముందల బస్సు ఆగుతదని చెప్పు."

సభాసదులారా, ఆ స్టేజికి ఆర్డరు అప్పుడూ రాలేదు, తరువాతా రాలేదు. బోర్డు పాతలేదు, షెడ్డు కట్టలేదు. ఈ గాథ విన్నవాళ్ళకు బస్సులో సీటు దొరుకుతుందని నేను మాటివ్వను. జంపక్కకే దొరకలేదు, భద్రాచలం దాకా ఇప్పపువ్వు మూట మీదే కూర్చుని పోయింది. ఇంట్లో మూలనున్న ఆ రెండో మూటను సాయంత్రం వచ్చి విప్పి, రోకలి తీసి రోటి దగ్గర పెట్టి, లోపలి నుంచి గొళ్ళెం వేసుకుంది. ఆసేతుశీతాచల పర్యంతం దిక్కులు పిక్కటిల్లేలా చాటుతున్నాను, వినండి. ఆర్డరు లేకుండా, తాడు లేకుండా, చెయ్యి ఎత్తకుండా, మెట్టకాలనీ ముందు, ఒక మూట ఎక్కించేంత సేపు, సర్కారువారి ఎర్రబస్సు ఆగింది.